రాయి, మాట, నేను

"అద్దం తెచ్చావా అమ్మడూ?"

బస్సు దిగగానే మాస్టారు నన్నడిగే మొదటి మాట అదే. బాగున్నావా అని గానీ, ఏ క్లాసుకొచ్చావని గానీ ఎప్పుడూ అడిగింది లేదు. నా గుడ్డసంచిలో మా అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం పాత తువ్వాల్లో చుట్టి ఉండేది. చెక్కచట్రం అద్దం, అరచేతికి రెండింతలు. దాంతో ఎండను పట్టి రాతిమీదికి పక్కవాటుగా వెయ్యాలి. ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు, రాయి తెల్లగా మెరుస్తుందంతే. వాలుగా పడితే గాట్లలో నీడ చేరుతుంది. అరిగిపోయిందనుకున్న అక్షరం లేచి కూర్చుంటుంది. ఆ అద్దం పట్టుకోవడమే నా పని. 1978లో మొదలైంది, అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

మాది వేటపాలేనికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఊళ్ళో సగం ఇళ్ళలో మగ్గాలుండేవి. పొద్దున్నే టకటకమని మొదలయ్యే ఆ చప్పుడు ఆగిందంటే అన్నాలవేళ అయిందని అర్థం. గాలి అటునుంచి వీస్తే వేటపాలెంలో జీడిగింజలు కాల్చే వాసన వచ్చేది. ఊరి మధ్యలో ఒక పెంకుటింట్లో శాఖా గ్రంథాలయం. మూడు బీరువాలు, ఒక పొడుగు బల్ల, పత్రికలు వేసే వాలుబల్ల, గోడకి గాంధీగారు. మా నాన్న దానికి గ్రంథపాలకుడు. జీతం చాలా తక్కువ, ఆ పనిమీద ఆయనకున్న గర్వం చాలా ఎక్కువ.

నాన్న గర్వానికి కారణముంది. మాకు అంత దగ్గర్లోనే, వేటపాలెంలో, 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. గాంధీగారి చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచుకున్న చోటు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో రైలు దిగి అక్కడికి వెళ్ళడం మా నాన్న చిన్నప్పటినుంచీ చూశాడు. పాతూరి నాగభూషణంగారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి కాలవ గట్ల వెంబడి ఊళ్ళకు పంపిన కథ నాన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇంకో విషయం కూడా తప్పకుండా చెప్పేవాడు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా మొదటిసారి సభ పెట్టుకున్నప్పుడు అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. "ఎవరనుకున్నావు? 'హేమలత' రాసినాయన. చారిత్రక నవల రాసినాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు మన పెద్దవాళ్ళు" అనేవాడు. అందుకే ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక్కరోజైనా చారిత్రక నవలాకారుణ్ణి పిలవాలని ఆయన పట్టుదల.

1977లో పిలిచాడు కూడా. నవంబరు 19 సాయంత్రం మాస్టారి ఉపన్యాసం. ఆ రోజే ఉప్పెన వచ్చింది. దివిసీమను ముంచేసిన ఆ గాలి మా తీరాన్నీ వదల్లేదు. మా గ్రంథాలయం పైకప్పు సగం లేచిపోయింది. నాన్న రాత్రంతా బీరువాల మీద గోనెపట్టాలు కప్పుతూ, తడిసిన పుస్తకాలను బల్లకిందికి చేరుస్తూ గడిపాడు. ఆ తర్వాత నెలరోజులు మా ఇంటి దండెం మీద బట్టలతోపాటు పుస్తకాలు కూడా ఆరాయి. వాటిలో మాస్టారి నవల ఒకటి. అట్ట ఉబ్బి, అంచులకు గోధుమరంగు గీత పడి, పాపం, ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. దాని గురించి తర్వాత చెబుతాను.

మరుసటి ఏడు మళ్ళీ పిలిస్తే మాస్టారు ఒక్కరే రాలేదు. ఇంకొకావిడను వెంటబెట్టుకొచ్చారు.

మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఖద్దరు. ఆవిడ అప్పటికి ఉద్యోగంలోనే ఉన్న పోస్టుమాస్టరు. మా నాన్న 'అమ్మగారు' అనేవాడు, నేను 'పోస్టత్తయ్య' అనేదాన్ని. ఆవిడ రెండు చారిత్రక నవలలు రాశారు. మాస్టారు రాసినవి నాలుగు. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఒకరి నవలలో తప్పు పట్టుకుని రెండోవాళ్ళు ఉత్తరం రాయడంతో పరిచయమైందట. ఆయన 'చెల్లెమ్మా' అనేవారు. ఆవిడ మాత్రం 'మాస్టారూ' అనే అనేది, ఎంత గట్టిగా పోట్లాడుతున్నా.

వాళ్ళ సభ ఎలా ఉండేదో చెప్పాలి. అలాంటి సభ నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు. ఎవరి పుస్తకం గురించి వాళ్ళు చెప్పుకునేవారు కాదు. ఆవిడ మాస్టారి నవల్లోంచి ఒక ఘట్టం చదివేది. చక్కగా చదివేది, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. చదివి, పుస్తకం మూసి, ఆయనవైపు తిరిగి అడిగేది.

"మోటుపల్లి రేవులో సుంకం ముప్పయ్యో వంతు అన్నారు. ఇదెక్కడిది మాస్టారూ?"

"రాయి."

"ఓడ కనపడగానే రేవులో ఊరివాళ్ళు దీపం ఎత్తేవాళ్ళన్నారు?"

"అది మాట. చినగంజాంలో ఒక ముసలమ్మ చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట."

"ఆ ఓడలో వర్తకుడు కూతురి పెళ్ళికని పగడాల దండ దాచుకున్నాడన్నారే?"

"పగడం రాయి చెల్లెమ్మా. శాసనంలో సుంకం కట్టే సరుకుల్లో ఉంది. కూతురు నేను."

జనం ఘొల్లుమనేవారు. తర్వాత వంతు మారేది. ఆయన ఆవిడ నవల చదివి అడగడం, ఆవిడ జవాబు చెప్పడం. మొత్తానికి మూడే మాటలు. శాసనంలోనో తాళపత్రంలోనో ఉన్నది రాయి. జనం నోట విన్నది మాట. రచయిత కల్పించింది నేను. దబాయించడానికి వీల్లేదు. ఒక్కోసారి మాస్టారు చాలాసేపు ఆలోచించి, "ఇది రాయనుకుని రాశాను గానీ, నేనే అయ్యుంటానమ్మా" అని ఒప్పుకునేవారు. మైకు లేని ఆ చిన్న గదిలో ఆ మాట వినడానికి కిటికీల దగ్గర కూడా మనుషులు నిలబడేవారు. వారం తిరక్కుండానే మా బడిలో పిల్లలం ఆ మూడు మాటలూ పట్టేసుకున్నాం. ఎవడైనా గొప్పలు చెబితే చాలు, "రాయా? మాటా? నువ్వా?" అని చుట్టుముట్టేవాళ్ళం.

సభ మర్నాడు వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. చుట్టుపక్కల ఏ గుళ్ళో రాయి ఉందో, ఏ బావిగట్టుకు అక్షరాల బండ వాడేశారో అడిగి తెలుసుకుని బయలుదేరేవారు. అద్దంతో నేను, నీళ్ళచెంబూ కొబ్బరిపీచూ సుద్దముక్కల డబ్బాతో నాన్న. మొదట రాతిని నీళ్ళతో కడగాలి. పీచుతో మెల్లగా తోమాలి. గీకకూడదు, సున్నం పెళ్ళలు ఊడదీయడానికి ఇనుప వస్తువు అసలు పెట్టకూడదు. ఈ విషయంలో పోస్టత్తయ్య చాలా కచ్చితం. ఆరాక సుద్దపొడి అరచేత్తో రాస్తే గాట్లు తప్ప మిగతాదంతా తెల్లబడేది. అప్పుడు అద్దం. మాస్టారు నేలమీద బాసింపట్టు వేసుకుని ఒక్కో అక్షరమే చదివేవారు, ఆవిడ రాసుకునేది.

శాసనాల్లో సంవత్సరం లెక్క కట్టడం ఆవిడే నేర్పింది. శక సంవత్సరానికి డెబ్బై ఎనిమిది కలపమనేది. పుష్య మాఘ ఫాల్గుణాల్లో ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటే డెబ్బై తొమ్మిది. మా గ్రంథాలయం వెనకగోడ నిండా బొగ్గుతో నేను వేసిన ఆ కూడికలే ఉండేవి. పండక్కి వెల్ల వేసినా నాన్న ఆ గోడ జోలికి పోనివ్వలేదు.

మోటుపల్లికి వెళ్ళిన రోజు నాకు గంటగంటా గుర్తుంది. చినగంజాం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఉప్పుమళ్ళ పక్కగా నడక. ఎండకి ఉప్పుకుప్పలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. దోవలో అద్దం తీసి ముఖం చూసుకోబోయానని మాస్టారు ఒక్క కసురు కసిరారు. గుడి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. వీరభద్రస్వామి గుడి అది. కాకతి గణపతిదేవుడి అభయశాసనం అక్కడి స్తంభం మీదే ఉంది. శక 1166. గోడమీద కూడికలు వేసిన అలవాటుకొద్దీ నేను గట్టిగా "1244" అని అరిచాను. మాస్టారు నా తల నిమిరారు. ఆయన అలా చెయ్యడం అదే మొదలు, అదే చివర.

ఆ శాసనం సంగతి తెలుగువాళ్ళందరికీ తెలియాలని నా కోరిక. అంతకుముందు రాజులు, గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా తమదేనని లాక్కునేవారట. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదుంటే అది. గణపతిదేవుడు అది మానేస్తున్నానని చెక్కించాడు. ప్రాణంకంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీద అంత సాహసానికి ఒడిగట్టే వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదులుతున్నాం అని. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. దాని తర్వాత గంధానికింత, కర్పూరానికింత, పన్నీటికింత, దంతానికింత, ముత్యాలకింత, మిరియాలకింత అని లెక్కలు. నూరేళ్ళ పైచిలుకు గడిచాక, కాకతీయులు పోయి రెడ్డిరాజులు వచ్చాక, 1358లో అనవోతారెడ్డి అదే రేవులో మళ్ళీ వర్తకులకు అభయమిచ్చాడు.

మాస్టారు ఇదంతా చదివి అర్థం చెబుతుంటే గుడి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పల్లెకారు ముసలాయన లేచి వచ్చాడు.

"ఇంకోసారి చెప్పండి బాబూ, ఒడ్డుకొచ్చిన ఓడ ఎవురిదంట?"

"ఓడవాడిదే నాయనా. రాజు ముట్టుకోకూడదని ఉంది."

ఆయన స్తంభం మీద చెయ్యి వేశాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు. "నిరుడు ఉప్పెనకి మా తెప్పలు యాడాడికో కొట్టుకుపోయినయ్యి బాబూ. దొరికినోడికి దొరికినంత. మాయి అని అడగటానికి మనుషులు కూడా మిగల్లేదు కొన్నిళ్ళల్లో." మళ్ళీ ఆ రాయిని తడిమి, "ఇది ఇక్కడుందని మాకు తెల్వదు" అన్నాడు.

నా చేతిలో అద్దం వణికింది. అక్షరాల మీద వెలుగు ఊగింది. ఎప్పుడూ కసిరే మాస్టారు ఆ పూట కసరలేదు. పోస్టత్తయ్య పుస్తకంలో ఆయన మాటలు ఉన్నవున్నట్టు రాసుకుంది. తర్వాత అచ్చయిన ఆవిడ నవలలో ఒక ముసలి సరంగు నోట ఆ మాటే ఉంటుంది, 'మాయి అని అడగటానికి మనుషులు మిగల్లేదు' అని. సభలో మాస్టారు ఆ వాక్యం చదివి "ఇదెక్కడిది చెల్లెమ్మా?" అంటే ఆవిడ "మాట" అంది. గొంతు సరిగ్గా పెగల్లేదు.

మోటుపల్లిని మార్కోపోలో 'ముత్ఫిలి' అన్నాడు. ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందనీ, చాలా తెలివైనదనీ రాశాడు. రుద్రమదేవిని, రాజైన భర్త పోయాక రాజ్యం చేస్తున్న రాణి అనుకున్నాడు గానీ, ఆమె గణపతిదేవుడి కూతురు. అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ, ఏ రాజైనా ఏ రాణి అయినా కట్టుకోవడానికి ముచ్చటపడతారనీ కూడా రాశాడు. ఆ రెండో ఏడు సభలో ఈ సంగతి చెప్పినప్పుడు మా ఊరి మగ్గాలవాళ్ళ ముఖాలు చూడాలి! ఏడొందల ఏళ్ళ కిందటి పొగడ్త నిన్నటి బేరంలా అందుకున్నారు.

అయితే వాళ్ళు పొగడ్త పుచ్చుకుని ఊరుకోలేదు. పోస్టత్తయ్య తన నవలలోని సాలెవాడి ఘట్టం చదువుతుంటే మధ్యలో ఒకాయన లేచాడు. ఆ ఘట్టంలో నేతగాడు తాడు లాగుతాడు, పేకపోగు మోసే నాడె ఇటునుంచి అటు ఎగురుతుంది.

"అమ్మగారూ, తాడు లాగితే నాడె పరిగెత్తడం మా తాతలనాటికి లేదండి. చేత్తో విసిరి రెండోచేత్తో పట్టుకునేవాళ్ళు. పన్నా పెద్దదైతే ఇద్దరు కూర్చునేవాళ్ళు, ఇటొకరు అటొకరు. మీ నవల ఎప్పటిదన్నారు?"

"కాకతీయులనాటిదయ్యా."

"ఐతే తాడు తీసెయ్యండి."

ఆవిడ ఆ సాయంత్రమే ఆయన ఇంటికెళ్ళింది. నేనూ వెళ్ళాను. గుంటమగ్గం అంచున కాళ్ళు కిందికి వేసుకుని కూర్చుని, అటకమీంచి తీసిన పాత నాడెను చేతిలో పెట్టుకుని విసరడం నేర్చుకుంది. పది సార్లు విసిరితే ఎనిమిది సార్లు పడుగులో ఇరుక్కుంది. పోగు తెగింది. ఆయన ఓపిగ్గా ముడేసి మళ్ళీ ఇచ్చాడు. ఆసు పోయడం, గంజి పెట్టడం, కండె చుట్టడం, అచ్చులో పోగు ఎక్కించడం, ఏది ఎవరు చేస్తారో, ఆడవాళ్ళ పని ఏదో, పిల్లల పని ఏదో అన్నీ అడిగి రాసుకుంది. తర్వాత సారస్వత నికేతనంలో కూర్చుని వెతికితే, తాడుతో పరిగెత్తే నాడెను 1733లో ఇంగ్లండులో కనిపెట్టారని తేలింది. ఆవిడ సిగ్గుపడిపోయింది. నాకు మాత్రం ఆ మగ్గం ఆయన ముఖమే గుర్తుంది. ఏ చదువూ లేకుండా అయిదొందల ఏళ్ళ తప్పు పట్టుకున్న మనిషి.

అలాంటివి ఇంకా ఉన్నాయి. కాకతీయుల వంటింట్లో మిరపకాయ కారం నూరించినందుకు మాస్టారు ఒకసారి దొరికిపోయారు. మిరపకాయ బుడతకీచుల, అంటే పోర్చుగీసువాళ్ళ, ఓడల్లో వచ్చింది, అంతకుముందు మనది మిరియాల కారం. గుంటూరుసీమలో పుట్టినవాడికి మిరపకాయ లేని వంటిల్లు తట్టకపోవడంలో ఆశ్చర్యమేముంది!

పోస్టత్తయ్య పరిశోధనంతా పోస్టాఫీసులోనే సగం జరిగేది. ఉత్తరాల మీద ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, వీధుల పేర్లు చూసి ఒక పుస్తకంలో ఎక్కించుకునేది. కార్డు రాయించుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళను కూర్చోబెట్టి పొలాల పేర్లు అడిగేది. దేవుడి మాన్యం ఎక్కడుంది, కోటదిబ్బ అని దేన్నంటారు, ఆ చెరువుకి ఆ పేరెందుకొచ్చింది అని. మాస్టారిదేమో కాగితాల దారి. రెండొందల ఏళ్ళ కిందట మెకంజీ దొర తన మనుషుల్ని ఊరూరికీ పంపి కరణాల చేత రాయించిన ఊళ్ళ చరిత్రలు, కైఫియత్తులున్నాయే, మద్రాసు వెళ్ళి వాటిని రోజుల తరబడి చేత్తో నకలు రాసుకొచ్చేవారు. "మెకంజీ దగ్గర కావలి బొర్రయ్య చేసిన పనే మనం చేస్తున్నాం చెల్లెమ్మా. ఆయనకి జీతమిచ్చారు, మనకి లేదు, అంతే తేడా" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో బాధ కనిపించేది కాదు. బొర్రయ్యతో పాటు తన పేరు చెప్పుకున్నందుకు ఒక వెలుగు ఉండేది.

ఇక ఆ గోధుమగీత పుస్తకం.

మాస్టారికి పేరు తెచ్చిన నవల రుద్రమదేవి మీద రాసింది. అరవయ్యో దశకంలో రాశారు. అప్పటికి చరిత్రకారులు చెప్పినదాన్నిబట్టి రుద్రమదేవి 1295 ప్రాంతాల దాకా ఉందని అనుకునేవారు. ఆయన నవల చివర రుద్రమ పండు ముసలిది. మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించి, ఓరుగల్లు కోటలో ఒక సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, ప్రశాంతంగా కన్నుమూస్తుంది. ఆ అధ్యాయం చదివి మా అమ్మ ఏడ్చింది. మా ఊళ్ళో ఏడవనివాళ్ళు లేరు.

తర్వాత చందుపట్ల శాసనం సంగతి ఆయనకు తెలిసింది. నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు దగ్గర ఊరు. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రిగారు వెలుగులోకి తెచ్చిన రాయి అది. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. కాకతి రుద్రమదేవీ, సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్ళిద్దరి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేశాడనీ అందులో ఉంది. డెబ్బై ఎనిమిది కలిపితే 1289. నవంబరు. ఎలా పోయారో ఆ రాతిమీద లేదు. రాణీ సేనానీ ఒకేసారి పోయారు కాబట్టి, అప్పుడు కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు నడుస్తోంది కాబట్టి, యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారుల ఊహ.

ఇద్దరూ కలిసి నాలుగు బస్సులు మారి చందుపట్ల వెళ్ళొచ్చారు. నన్ను తీసుకెళ్ళలేదు, పరీక్షలని. ఆ ఏడు నవంబరు సభలో పోస్టత్తయ్య పుస్తకం తెరవబోతే మాస్టారు వద్దన్నారు. ఆయనే లేచి నిలబడి ఆ చివరి అధ్యాయం మొత్తం చదివారు. దీపాలవేళ, కోట, మనవడి చెయ్యి పట్టుకోవడం. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేది. చదవడం అయ్యాక పుస్తకం బల్లమీద పెట్టి, "ఇది రాయి కాదు. మాట కాదు. అంతా నేనే. రాయి వేరే చెబుతోంది" అన్నారు. చందుపట్ల సంగతి చెప్పారు. తర్వాత మా నాన్నవైపు తిరిగి, "ఈ పుస్తకం నాకివ్వండి, ఈ అధ్యాయం చింపి ఇచ్చేస్తాను" అన్నారు.

నాన్న బిత్తరపోయాడు. గ్రంథాలయం పుస్తకం చింపడమంటే ఆయన ప్రాణం పోయినట్టే.

పోస్టత్తయ్య ఒప్పుకోలేదు. "ఎందుకు చింపాలి మాస్టారూ? నవల నవలే. ఇన్నేళ్ళు ఇంతమంది ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధమా?"

"పిల్లలు దీన్ని చరిత్ర అని చదువుతున్నారు చెల్లెమ్మా. నేను బడిపంతుల్ని. తప్పు లెక్క బోర్డుమీద ఉంచి ఇంటికెలా పోను?"

"మీకు అప్పుడు తెలిసింది అది. ఇప్పుడు తెలిసింది ఇది. రెండూ ఉండనివ్వండి."

"రుద్రమ యుద్ధంలో పోయిందేమో తల్లీ. ఎనభై ఏళ్ళ వయసో ఎంతో, గుర్రమెక్కి పోయిందేమో. నేను ఆవిణ్ణి మంచంమీద పడుకోబెట్టాను."

ఆ మాటకి ఎవరూ బదులు చెప్పలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికో చేసిన అన్యాయానికి పడే బాధ అది. తన పుస్తకం పాడయిందని కాదు. ఆ తేడా నాకు ఆ వయసులోనే అర్థమైంది.

చివరికి నాన్నే దారి చూపించాడు. "చీటీ అంటిద్దాం మాస్టారూ. చింపొద్దు." మాస్టారు అక్కడే కూర్చుని రాశారు. మా అమ్మ మైదాపిండి ఉడికించి తెచ్చింది. ఆ చీటీ ఆఖరి అధ్యాయం మొదటి పేజీకి ఎదురుగా అంటించారు. తర్వాత రెండేళ్ళలో ఆయన ఆ నవల ఉన్నట్టు తెలిసిన ప్రతి గ్రంథాలయానికీ అలాంటి చీటీలు రాసి పంపారు. పోస్టత్తయ్య వాటికి తన డబ్బుతో స్టాంపులు అంటించేది. చీటీలు వద్దని వాదించిన మనిషే.

నేను పెళ్ళయి వెళ్ళిపోయాక ఆ సభలు ఇంకో నాలుగేళ్ళు జరిగాయి. మాస్టారు పోయారు. మా నాన్న పోయాడు. పోస్టత్తయ్య చివరి రోజుల్లో మా ఇంటికి ఒక పార్సిల్ పంపింది. రిజిస్టరు పార్సిల్, ముద్రలన్నీ సరిగ్గా వేసి. అందులో ఒక కొత్త అద్దం, నాలుగు నోటు పుస్తకాలు. అమ్మ అద్దం చివరి ప్రయాణంలో నా చేతిలోంచి జారి పగిలింది. అది ఆవిడ మరిచిపోలేదు.

నిరుడు కార్తీకమాసంలో మా ఊరు వెళ్ళాను. గ్రంథాలయం ఇప్పుడు డాబా. బొగ్గు కూడికల గోడ లేదు. ఆ పుస్తకం మాత్రం ఉంది. అట్ట మళ్ళీ కట్టించారు, లోపల గోధుమగీత అలాగే ఉంది. చీటీ పసుపురంగు తిరిగింది గానీ ఊడలేదు. మాస్టారి గుండ్రటి దస్తూరీ:

'ఈ అధ్యాయంలో రాణి రుద్రమదేవి మరణం గురించి నేను రాసినది సరికాదు. చందుపట్ల శాసనం ప్రకారం శక 1211 మార్గశిర శుద్ధ ద్వాదశి నాటికే ఆమె, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారు. ఎలా పోయారో శాసనంలో లేదు. పాఠకులు గమనించాలి. పువ్వుల ముమ్మడికి నా నమస్కారం.'

దానికింద ఎవరో, ఎప్పుడో, పెన్సిలుతో '1211 + 78 = 1289' అని కూడి పెట్టారు. నా దస్తూరీ కాదు.

పోస్టత్తయ్య నోటు పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. అది ఆవిడ పూర్తిచెయ్యని నవల. కథానాయకుడు పువ్వుల ముమ్మడి. ప్రతి పేజీ మార్జిన్లో, ప్రతి వాక్యం పక్కనా, ఎర్రసిరాతో 'రా' అనో 'మా' అనో 'నే' అనో రాసి ఉంటుంది. చాలాచోట్ల 'నే'. కొన్నిచోట్ల 'నే' కొట్టేసి 'మా' చేసింది, ఎవరో చెప్పగా విన్నదని తర్వాత గుర్తొచ్చి కాబోలు. నాలుగో పుస్తకం సగంలో ఆగిపోతుంది. ఆఖరి పేజీలో ముమ్మడి ఒక శిల్పి దగ్గర కూర్చుని ఉంటాడు. శిల్పి ఉలి పక్కన పెట్టి, ఇద్దరి పేర్లూ ఒకే రాతిమీద చెక్కాలా, వేరువేరుగానా అని అడుగుతాడు. ముమ్మడి ఒకే రాతిమీద అంటాడు. ఎందుకని శిల్పి అడుగుతాడు. 'ఒకే పూట పోయారు కాబట్టి' అంటాడు ముమ్మడి.

ఆ వాక్యం పక్కన మార్జిన్ ఖాళీగా ఉంది.